ఆశించేది ఒకటి, నమ్మేది ఒకటి
(రాయగడలో తెలుగు సంఘాల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

అయ్యగారికీ అమ్మగారికీ, సంఘ పెద్దలకూ, గుణుపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చినవాళ్లకూ వందనాలు.

ఇందాక ఆరాధనలో మనం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పాం. శరీర పునరుత్థానాన్ని, నిత్యజీవాన్ని నమ్ముతున్నామన్నాం. తర్వాత కూర్చుని ప్రార్థన మనవులు విన్నాం. ఒకరి కొడుక్కి రైల్వే గ్రూప్ డి పరీక్ష, ఒకరికి విశాఖ కేజీహెచ్‌లో స్కానింగ్, ఒకరి ఇంటికి సగంలో ఆగిపోయిన స్లాబు, రెండు మూడు పెళ్లి సంబంధాలు. ఈ మనవుల్ని నేను తప్పుపట్టను. అనుదినాహారం అడగమని ప్రభువే నేర్పాడు. జ్వరంతో పడుకున్న పేతురు అత్తగారిని చెయ్యి పట్టుకుని లేపాడు కూడా. నా ప్రశ్న వేరే ఉంది. పది నిమిషాల తేడాలో చెప్పిన ఈ రెండింటికీ ఏమైనా పొత్తు ఉందా? నోటితో నమ్ముతున్నామన్నది ఒకటి, రాత్రి నిద్రపట్టకుండా ఎదురుచూసేది ఇంకొకటి అయితే, టెన్షన్ వచ్చినప్పుడు మనల్ని నడిపించేది ఏది?

డిసెంబరు 31 రాత్రి బైబిలు వచనాలు రాసిన వాగ్దానాల కార్డులు తీస్తాం కదా. పళ్లెంలో చెయ్యి పెట్టేముందు కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతారు చూడండి, ఆ ఆగడంలోనే ఏడాది ఆశంతా ఉంటుంది. యిర్మీయా 29:11 వచ్చిందా, ఇక ముఖం వెలిగిపోతుంది. 'సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు.' ఒకరింట్లో ఆ కార్డుని లామినేషన్ చేయించి, గ్యాస్ ఏజెన్సీ క్యాలెండరు పక్కన మేకుకి తగిలించారు. మంచి వచనమే. బబులోనుకి చెరపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. కానీ దానిపైన పదో వచనం ఒకటుంది, దాన్ని ఏ కార్డు మీదా నేను చూడలేదు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని ఆ వచనం. ఆ ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ల మనిషి లెక్కవేసుకుని ఉంటాడు. తను వెళ్లడు. అక్కడే పోతాడు. ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్నది అందుకే.

దీనికి ముందు అధ్యాయం ఇంటికెళ్లి తప్పకుండా చదవండి. క్రీ.పూ. 597లో ఒక విడత జనం బబులోను చెరలోకి పోయారు. ఆలయంలోని ఉపకరణాలు బబులోనుకి తరలిపోయాయి. అలాంటి రోజుల్లో హనన్యా అనే ప్రవక్త దేవుని మందిరంలో, యాజకుల ముందు, జనమందరి ముందు నిలబడి, రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయి, చెరపోయిన వాళ్లందరూ ఇంటికొస్తారు అని ప్రకటించాడు. ఇప్పుడైతే ఆయనకో యూట్యూబ్ ఛానల్ ఉండేది, యిర్మీయా కంటే సబ్‌స్క్రైబర్లు ఎక్కువే ఉండేవారు. యిర్మీయా ఏమన్నాడో చూడండి. అబద్ధం అని అరవలేదు. 'ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక' అన్నాడు!

నన్ను ఆపేసిన మాట ఇది. యిర్మీయాకీ అదే ఆశ. తన వాళ్లు తిరిగి రావాలని ఆయనకు మాత్రం ఉండదా? బబులోను రాజుకి లొంగాలన్న దేవుని మాటకు గుర్తుగా మెడమీద కాడి వేసుకుని తిరగడం ఆయనకేం సరదా కాదు. ఆ ఆశకు ఆమేన్ చెప్పాడు, కానీ దాన్ని దేవుని మాటగా ఒప్పుకోలేదు. హనన్యా ఆ కాడిని లాగి విరగ్గొడితే, యిర్మీయా మాట్లాడకుండా వెళ్లిపోయాడని రాసి ఉంది. దేవుని దగ్గర నుంచి మాట వచ్చాకే తిరిగొచ్చి, నీవు అబద్ధాన్ని నమ్మించావు అన్నాడు. రెండేళ్లు అన్న హనన్యా అదే ఏడాది ఏడో నెలలో పోయాడు. బబులోను పారసీక రాజు కోరెషు చేతికి చిక్కింది క్రీ.పూ. 539లో.

హనన్యా ఆశ చెడ్డదేమీ కాదు. తన ఆశకు దేవుని సంతకం తనే పెట్టేశాడు, అదే తప్పు. మన కూటాల్లో ఇది రోజూ జరుగుతోంది. 'నీకు ఉద్యోగం వచ్చేసింది, అందుకో' అని తలమీద చెయ్యి పెట్టి చెప్పేస్తారు. రిజల్ట్ రోజున ఆ కుర్రాడు ఫోన్ పట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు. చెయ్యి పెట్టినాయన ఆ రోజుకి వేరే ఊళ్లో ఉంటాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. సిక్కోలు వైపు కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. వాన మన కొండల్లో కురిసింది. గజపతి జిల్లా బారాఘరలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కూటాల్లో ఎన్ని సాక్ష్యాలు విన్నామో! 'మేం ప్రార్థించాం, మా ఇంటి రేకు ఒక్కటీ లేవలేదు' అని. కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ రేకులు లేచిపోయినావిడ మూడో వరసలో కూర్చుని అది వింటోంది. ఆవిడ ప్రార్థించలేదా? గజపతి జిల్లాలో ఆ రాత్రి మోకాళ్ల మీద ఉన్నవాళ్లు తక్కువా? క్రీస్తు సిలువ మీద చనిపోయాడని నమ్మే మనం, నమ్మినవాళ్ల ఇంటికి ఆపద రాదని ఎక్కడ నేర్చుకున్నాం? తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని బబులోను రాజు బెదిరిస్తే, షద్రకు, మేషాకు, అబేద్నెగోలు మా దేవుడు తప్పించగలడన్నారు, ఒకవేళ తప్పించకపోయినా నీ ప్రతిమకు మొక్కేది లేదన్నారు. అగ్నిగుండం నుంచి బయటికొచ్చాక చెప్పిన మాట కాదది. దాని ముందు నిలబడి చెప్పారు.

ఇప్పుడు రెండో వైపు. కొందరికి నమ్మకం పక్కాగా ఉంటుంది, ఆశే ఉండదు. చనిపోయిన లాజరు సహోదరి మార్త అలాంటిది. నీ సహోదరుడు లేస్తాడని ప్రభువంటే, అంత్యదినాన పునరుత్థానంలో లేస్తాడని నాకు తెలుసంది. సండే స్కూల్లో అయితే పూర్తి మార్కులు. కాసేపటికి సమాధి రాయి తీయమంటే మాత్రం, నాలుగు రోజులైంది, వాసన కొడుతుందంది. మన చావుల దగ్గర జరిగేది ఇదే. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. మర్నాడు ఎవరింట్లోనైనా చావు జరిగితే, 'పోయినవాళ్లు పోయారు, ఇంకేముంది' అంటాం. పౌలు థెస్సలొనీక వాళ్లకు ఏడవొద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని రాశాడు. ఏడవండి. ఏడుస్తూనే, ఈ శరీరం మళ్లీ లేస్తుందని నమ్మినవాళ్లు ఏం ఆశించాలో అదే ఆశించండి.

నమ్మినదాన్నే ఆశించినవాడు ఎలా బతుకుతాడో చూడాలంటే మళ్లీ యిర్మీయా దగ్గరికే, 32వ అధ్యాయానికి వెళ్లాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ముచ్చటేసే అధ్యాయం. యెరూషలేము చుట్టూ ముట్టడి, యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతులో పొలం కొనమన్నాడు. శత్రుసైన్యం తొక్కుతున్న నేల అది, ఆ సమయంలో ఎవడు కొంటాడు? యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సంతకం పెట్టి, సాక్షుల్ని పెట్టాడు. ముద్ర వేసిన కాపీ ఒకటి, విప్పి ఉన్న కాపీ ఒకటి, రెండూ చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకి చెప్పాడు. తర్వాత ఆయన్ని జనం ఐగుప్తుకి తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన పంట పండించినట్టు ఎక్కడా లేదు.

మన ప్రాంతంలోనూ ఇలాంటి పనులు జరిగాయి. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన మిషనరీలు కోరాపుట్, సాలూరు వైపు పని మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్లు కావడంతో వాళ్లు వెళ్లిపోవాల్సి వచ్చింది. పని ముగిసినట్టే కనిపించి ఉంటుంది. కానీ ఆ పని నుంచే 1928లో మన కోరాపుట్ వైపు జైపూరు పేరుతో జైపూరు ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. ఆ మిషనరీల లోపాలు వాళ్లకున్నాయి, అది వేరే రోజు మాట్లాడుకుందాం. బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఆసుపత్రి మొదలుపెట్టింది. మనలో ఎంతమంది పిల్లలు అక్కడ పుట్టారో చేతులెత్తమంటే నా కంటే మీకే బాగా తెలుస్తుంది.

చివరిగా ఒక మాట. నేను లోపలికొస్తుంటే ఒక అక్క ఆపి అడిగారు: 'మా బాబుకి జబ్బు తగ్గట్లేదు. నా విశ్వాసం చాలదంటున్నారు, నిజమేనా?' పేరు చెప్పను, సమాధానం మాత్రం అందరి ముందూ చెబుతాను. కాదక్కా. పౌలు ముమ్మారు వేడుకున్నా, ఆయన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ పోలేదు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో విడిచివచ్చానని ఆయనే రాశాడు, అతనికి విశ్వాసం తక్కువని ఒక్క అక్షరం రాయలేదు. తిమోతి కడుపునొప్పికి ప్రార్థన కూటం పెట్టమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. బాబు బాగుపడాలని మీతో పాటు మేమూ అడుగుతాం, గట్టిగానే అడుగుతాం. మందులు మాత్రం ఆపకండి. విశాఖ వెళ్లేటప్పుడు తోడు కావాలంటే స్త్రీల సమాజం అక్కలతో ముందే చెప్పండి. రైలు దగ్గరికి ఒకరు, ఆసుపత్రి లైన్లో నిలబడడానికి ఇంకొకరు వస్తారు.