మన్ననూరు దారిలో ఆగిన మెటాడోర్

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఇన్ని పాత బండ్లు ఒకే గ్రౌండ్‌లో నిలబడడం చూస్తుంటే గొంతు పట్టేస్తోంది, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను. అదిగో, ఆ చివర వేపచెట్టు కింద ఉన్న తెల్ల మెటాడోర్ వ్యాన్ నాదే. 1991 బండి, ఏపీ 24 నంబరు. వెనక సీట్లు తీసి మడత మంచం, నీళ్ల క్యాను, చిన్న స్టవ్ పెట్టుకున్నాం. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను ఆ బండిలోనే సోమశిల పోయాం, అలంపురం పోయాం, పిల్లలమర్రి చూశాం, సాగర్ దగ్గర రెండు రాత్రులు పడుకున్నాం. మూడుసార్లు మాత్రం బండిని ట్రాక్టర్‌కు కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇది అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మన జిల్లాల్లో నా వయసువాళ్లకు మెటాడోర్ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. చెర్వుగట్టు జాతరకు దాంట్లోనే పోయాం, పెళ్లివాళ్లు దాంట్లోనే వచ్చారు, కూరగాయలు దాంట్లోనే మార్కెట్‌కు పోయాయి. జర్మనీ డిజైన్‌తో పుణెలో తయారైన బండి ఇది. పవరంతా ముందు చక్రాలకే పోతుంది, వెనక్కి పొడవాటి షాఫ్ట్ ఉండదు, అందుకే లోపల ఫ్లోరు కిందికి, చదునుగా ఉంటుంది. మంచం వేసుకోవడానికి ఇంతకంటే మంచి బండి నాకు దొరకలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చట్టం లెక్కలో నా బండి వింటేజ్ కాదు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకే ఆ పేరు; 20 వేల రూపాయలు కడితే పదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు, కానీ రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. నాది మామూలు పాత బండి. ఐదేళ్లకోసారి ఆర్టీవో ఆఫీసులో చూపించి, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. బండిలో తిరగాలనుకునే నాకు ఇదే నయం.

ఇక బండి దారిలో ఆగిపోయిన రోజు సంగతి. దేవరకొండ, డిండి దాటి శ్రీశైలం పోతున్నాం. మన్ననూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ రెండుసార్లు తడబడి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. సాయంత్రం ఆరు దాటింది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర అడవి గేటు మూసేస్తారు, చిన్నపాపకు ఆకలి, నాకు టెన్షన్. జడ్చర్లలో ఒక ఉస్తాద్ ఉన్నాడు, లారీల పంపులు విప్పి విప్పి చేతులు నల్లబడిన మనిషి. ఆయనకు ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, "తమ్మీ, ఆగేముందు తడబడిందా, ఒక్కసారే ఆగిందా?"

తడబడిందని చెప్పగానే డీజిల్ లైన్‌లోకి గాలి పోయిందని తేల్చేశాడు. పెట్రోల్ బండికి ఈ బాధ అంతగా ఉండదు. డీజిల్ ఇంజన్‌లో పంపు నుంచి, డీజిల్‌ను లోపలికి చిమ్మే నాజిల్ దాకా లైన్ నిండా డీజిలే ఉండాలి, మధ్యలో గాలి బుడగ ఉంటే పంపు ఎంత నొక్కినా ఆ గాలే కుదించుకుపోతుంది తప్ప నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు తడుముకుంటూ చూడమన్నాడు. క్లిప్పు దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. ఆ పైపు మార్చి ఎన్నేళ్లయిందో నేనెప్పుడూ చూసుకోలేదు, అది నా తప్పే. పగిలిన ముక్క కోసి, మిగిలింది లాగి క్లిప్పు బిగించాను. ఫిల్టర్ మీది స్క్రూ లూజు చేసి చేతి పంపు కొడుతుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి శుభ్రమైన డీజిల్ వచ్చింది. స్క్రూ బిగించి, నాజిల్ పైపుల నట్లు కొద్దిగా వదిలి, మా ఆవిడ సెల్ఫ్ కొడుతుంటే ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాను. మూడోది బిగించేసరికి ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడుకు పిల్లలు ఎగిరి గంతేశారు.

ఈలోపు కల్వకుర్తి నుంచి మెటాడోర్ ఉన్న ఇంకో అన్న రెండు మీటర్ల కొత్త పైపు పట్టుకుని మోటార్ సైకిల్ మీద బయలుదేరాడు. ఉస్తాద్ ఆయనకు ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. మేం ఆయన్ను అంతకుముందు చూడనే లేదు. పైపు మార్చి, మా స్టవ్ మీద పెట్టిన టీ తాగి, పైసలిస్తే తీసుకోకుండా వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నా ఆలోచన ఒక్కటే. ఈ బండికి కంపెనీ విడిభాగాలు దొరకడం కష్టం, అయినా నడుస్తోంది. ఎందుకంటే ఏది దేనికి సరిపోతుందో కొందరికి తెలుసు. పాలమూరులో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే తుఫాన్ జీపుల్లో కూడా నా బండిలో ఉన్న 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్ వచ్చిందని, హెడ్ గ్యాస్కెట్, హీటర్ ప్లగ్గులు అక్కడ అడగమని చెప్పింది మిర్యాలగూడ మెకానిక్. ఎండాకాలం 44 డిగ్రీల్లో రేడియేటర్ మూత వేడి మీద తెరవకూడదని చేతి మీది మచ్చ చూపించి మరీ చెప్పింది నకిరేకల్ తాత. వాళ్లలో సగం మంది ఇప్పుడు షాపులు మూసేశారు. వాళ్ల పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు, అది తప్పని నేను అనను. కానీ ఆ తాత చేతిలో ఉన్న విద్య ఏ కాగితం మీదా లేదు. మనం ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ దొరకదు.

అందుకే నా బండిలో ఒక పెద్ద నోటుబుక్కు పెట్టాను. ఏ భాగం పాడైంది, ముందు ఎలాంటి గుర్తు కనిపించింది, ఏ బండి భాగం సరిపోయింది, ఎవరు చెప్పారు, అన్నీ రాస్తున్నాను. ఇప్పటికి 60 పేజీలు నిండాయి. మీకు తెలిసింది కూడా అందులో రాయండి, రాయడం రానివాళ్లు చెబితే మా పెద్దమ్మాయి రాస్తుంది.

టీ తాగాక వేపచెట్టు కిందికి రండి. జడ్చర్ల ఉస్తాద్ వచ్చాడు, అదిగో మూడో వరసలో కూర్చున్నాడు. నా బండి డీజిల్ లైన్ విప్పి గాలి ఎలా తీయాలో అందరి చేతా చేయిస్తానన్నాడు. డీజిల్ మరక పడినా పర్వాలేదనుకునే చొక్కా ఉంటే మార్చుకుని రండి, స్పానర్లు నా దగ్గర ఉన్నాయి.