ఆ రోజు డబ్బు ఆ రోజే
(కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

సమన్వయకర్త: వైద్య పరిశోధనకు వచ్చినోళ్లకు డబ్బులిస్తే మనిషిని కొన్నట్టే కదా అంటున్నారు. మేడం, మీరేమంటారు?

ఎథిక్స్ కమిటీ సభ్యురాలు: ఇవ్వకపోతేనే తప్పంటాను. కోసిగి నుంచి ఇక్కడికి రక్తపరీక్షకు వచ్చినామెకు ఆ పూట కూలి పోతుంది, బస్సు చార్జీ, భోజనం చేతి డబ్బే. ఖర్చులకు, పోయిన సమయానికి, పడిన ఇబ్బందికి చెల్లించొచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎంత, ఎప్పుడు, ఎట్లా ఇస్తారో ముందే ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో మనుషులకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, ఆమోదించాలి, అంతే.

సమన్వయకర్త: మరి చెడేది ఎక్కడ?

సభ్యురాలు: పంచే తీరులో. ఆరు విజిట్లు, మొత్తం 3,000 రూపాయలు అనుకుందాం. విజిట్‌కు 500 ఇస్తే సరి. కొందరు మొదటి ఐదింటికీ వందేసి పెట్టి, ఆఖరుదానికి 2,500 ఉంచుతారు. మూడో విజిట్ తర్వాత కళ్లు తిరిగినామె ఏం చేస్తుంది? చెబితే తీసేస్తారని నోరు మెదపదు. ఆమెకు ప్రాణం మీదికొస్తుంది, మనకేమో మందు మంచిదేనన్న తప్పు లెక్క మిగులుతుంది. అందుకే ఏ విజిట్ డబ్బు ఆ విజిట్‌కే ముట్టాలి. ఆరోగ్యం బాగాలేదని మనమే ఆపితే మొత్తం ఇవ్వాలి.

ఫీల్డ్ పరిశోధకుడు: బీఈ స్టడీల్లో, అంటే ఒక కంపెనీ చేసిన మందు అసలు మందులాగే ఒంట్లో కలుస్తుందా అని చూసే పరీక్షల్లో, ఇంకో చిక్కుంది. అక్కడికొచ్చేది ఆరోగ్యవంతులు, డబ్బు కోసమే వస్తారు. మొత్తం పెద్దదైతే, ఒకచోట మందు వేసుకున్న మనిషి, రెండు స్టడీల మధ్య ఉండాల్సిన గడువు తీరకముందే ఆ సంగతి దాచి ఇంకో ల్యాబుకు పోతాడు. పాత మందు ఒంట్లో ఉండగానే కొత్తది పడుతుంది, తీసిన రక్తం మళ్లీ ఊరకముందే ఇంకా తీస్తారు.

సమన్వయకర్త: ఊళ్లలో సర్వేల సంగతి?

పరిశోధకుడు: ఆదోని, ఆలూరు వైపు జనం సుగ్గికి (కూలి పనులకు వలస) పోయిన నెలల్లో సర్వే పెడతారు. ఇళ్లకు తాళాలు. టార్గెట్ నిండదని రేటు పెంచుతారు. పెంచాల్సింది రేటు కాదు సార్, మార్చాల్సింది తేదీ. ఇంకోటి, మనుషుల్ని తెచ్చినవాడికి తలకింతని కమీషన్. వాడే అప్పిచ్చినవాడైతే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అది నాకు అన్నిటికన్నా బాధ.

న్యాయవాది: ఒక్క మాట. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద హక్కు. విజిట్ డబ్బు తీసుకున్నావు కదా అని దాన్ని ఎగ్గొట్టడానికి లేదు.

సభ్యురాలు: ఫోన్‌కు వేసే డబ్బు కూడా చూసుకోవాలి. మెసేజ్‌లో ‘హెచ్ఐవీ స్టడీ’ అని పడితే ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో!

సమన్వయకర్త: వేలిముద్ర వేసేవాళ్లకు అర్థమైందని ఎట్లా తెలుస్తుంది?

పరిశోధకుడు: మన స్టాఫ్ కాని సాక్షి ముందు పత్రం అంతా చదివి వినిపించాలి. తర్వాత, ‘మధ్యలో మానుకుంటే నీకెంత వస్తుందమ్మా?’ అని అడగాలి. ‘ఏమీ రాదు సార్’ అందంటే, ఇంకుప్యాడు మూసి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.