ముడుపు, గాజులు

అందరికీ నమస్కారం. పేరెంట్స్ మీటింగంటే మార్కుల సంగతి అనుకొని వచ్చుంటారు. నాకు పది నిమిషాలివ్వండి, మార్కుల గొడవ తర్వాత టీచర్లు చూసుకుంటారు.

మా అవ్వ రూపాయి బిళ్ళలు పసుపు గుడ్డలో ముడుపు కట్టి, స్వామి పటం పక్కన మేకుకు తగిలించేది. ఒక ఏడు వానల్లేవు. శెనక్కాయ విత్తనాలకు డబ్బు చాల్లేదు. మా నాయన ఆ మూట వైపు చూసినాడు. అవ్వ ఏమీ అనకుండా చేతి గాజులు రెండూ తీసి ఆయన ముందర పెట్టింది. గాజులు కుదువకు పోయినాయి, ముడుపు మేకు మీదనే ఉండింది. ఇంట్లో ఉన్నా అది ఇంటి సొమ్ము కాదు, తిరుమలకు పోవాల్సింది.

బిడ్డ పేరు మీద పెన్షన్ ఖాతా కూడా అట్లాంటిదే. ఎన్‌పీఎస్ అంటే జాతీయ పెన్షన్ పథకం, అందులో పిల్లల కోసం ఎన్‌పీఎస్ వాత్సల్య అని 2024 సెప్టెంబర్ 18న మొదలైంది. 18 ఏళ్ళు నిండని పిల్లలకు తెరవొచ్చు. నడిపేది అమ్మానాయనలు, సొమ్ము బిడ్డది. ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబరు కూడా బిడ్డ పేరుతోనే వస్తుంది. 18 నిండినాక కేవైసీ చేయిస్తే మామూలు ఎన్‌పీఎస్ ఖాతాగా కొనసాగుతుంది. మొదలైనప్పుడు ఏడాదికి కనీసం 1000 రూపాయలు అన్నారు, గరిష్ఠ పరిమితి పెట్టలేదు. తర్వాత నిబంధనలు కొన్ని మార్చినారు కాబట్టి, తెరిచే రోజు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో అడిగి సంతకం పెట్టండి.

నెలనెలా కట్టే పని లేదు. బంగారుపాళ్యం మార్కెట్టులో తోతాపురి మామిడి అమ్మినప్పుడే చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఇళ్ళు మనవి. ఏడాదికొకసారి కట్టినా చెల్లుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎనిమిదేళ్ళ పాపకు 10,000 వేసి వదిలేశారనుకోండి. ఏడాదికి 9 శాతం పెరిగితే ఎనిమిదేళ్ళకొకసారి రెట్టింపు. ఆ పాపకు 56 వచ్చేసరికి ఆరు రెట్టింపులు, అంటే 6,40,000. చప్పట్లు అప్పుడే వద్దు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళకు రెట్టింపవుతాయి, అప్పటికి పదహారింతలు. ఆ ఆరు లక్షల నలభై వేలు మన ఇవాళ్టి నలభై వేలతో సమానం. ఆ 9 శాతం కూడా ఎవరూ రాసిచ్చింది కాదు, మార్కెట్టును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఏజెంటు మీకు మొదటి సగమే చెప్తాడు.

చదువుకో పెద్ద జబ్బుకో, మూడేళ్ళు దాటినాక, మీరు కట్టిన దాంట్లో 25 శాతం వరకు తీసుకోవచ్చు. దాన్ని నమ్ముకొని కాలేజీ ఫీజు డబ్బు ఇందులో పెట్టొద్దు. ఆడబిడ్డకు పదేళ్ళు నిండకపోతే చదువు డబ్బుకు సుకన్య సమృద్ధి అనే పొదుపు ఖాతా ఉంది. 18 దాటినాక చదువుకు సగం వరకు తీసుకోనిస్తారు.

అసలు మా అవ్వ ముడుపు ఎందుకు నిలిచింది? భక్తి ఒకటే కాదు, చేతికి గాజులున్నాయి. అందుకే ముందు మీ గాజులేవో చూసుకోండి. ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన ఉందా? ఆస్పత్రి బీమా ఉందా? మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరిందా? అది తీరకుండా ఈ ఖాతా తెరిస్తే నేనొప్పుకోను.

వెనక బెంచీల్లో తొమ్మిదో తరగతి వాళ్ళు నవ్వుతున్నారు. నవ్వండి నాయనా. మీ ఖాతా కాగితం ఏటా ఒకసారి మీరే అడిగి తీసుకొని చదవండి, నంబరు మీది.

ఇంక ప్రశ్నలడగండి. ఆ గాజులు విడిపించుకున్నారా అని మాత్రం అడగొద్దు.