డెంటల్ క్లెయిమ్‌లో డయాగ్నసిస్ కోడ్: ముందుగా చికిత్స తేదీ చూడండి

అందరికీ నమస్కారం. ఇక్కడ నైట్ షిఫ్ట్‌లో కూర్చుని అమెరికా డెంటల్ క్లినిక్‌లకు బిల్లింగ్ చేసేవాళ్లకి అక్టోబరు అంటే టెన్షనే. జబ్బు ఏంటో చెప్పే డయాగ్నసిస్ కోడ్‌లు, అంటే ఐసీడీ-10-సీఎం కోడ్‌ల కొత్త జాబితా ఏటా అక్టోబరు 1న అమల్లోకి వస్తుంది. పంటికి చేసిన పనిని చెప్పే, మనకు బాగా అలవాటైన సీడీటీ కోడ్‌లేమో జనవరి 1న మారతాయి.

ఒక్క క్లెయిమ్ చూద్దాం. దవడ పన్నుకి రూట్ కెనాల్. స్క్రీన్ మీద ఏడీఏ (అమెరికన్ డెంటల్ అసోసియేషన్) క్లెయిమ్ ఫారమ్ ఉంది కదా, 29వ గడిలో డి3330 వేశాం. అది చేసిన పని. ఎందుకు చేశారన్నది 34ఏలో రాయాలి. అక్కడ నాలుగు కోడ్‌లకి చోటుంది, అసలు కారణం 'ఏ' దగ్గర. 34వ గడిలో 'ఏబీ' అని వేస్తే ఇవి ఐసీడీ-10 కోడ్‌లని అర్థం. ఇక 29ఏ. ఈ పనికి ఏ కారణమో ఆ అక్షరం ఇక్కడ వేయాలి. చాలామంది మర్చిపోయేది ఈ గడినే. ఇది ఖాళీగా ఉంటే పనికీ కారణానికీ లంకె కుదరదు.

ఇప్పుడు కోడ్. పల్పైటిస్‌కి, అంటే పంటి లోపలి గుజ్జు వాపుకి, ఒకప్పుడు కె04.0 సరిపోయేది. తర్వాత దాన్ని రెండు చేశారు: కె04.01 రివర్సిబుల్ (గుజ్జు మళ్లీ కోలుకునేది), కె04.02 ఇర్రివర్సిబుల్ (ఇక కోలుకోనిది). నేను మానిటర్‌కి అంటించుకున్న పాత చీటీ చూసి కె04.0 వేస్తే క్లెయిమ్ తిరిగొచ్చింది. ఆ చీటీ ఆ రోజే పీకేశాను.

మరి రెండింట్లో ఏది? డాక్టర్ నోట్స్ తెరవండి. చల్లటి నీళ్లు తగలగానే జివ్వుమని, వెంటనే తగ్గిపోతే సాధారణంగా రివర్సిబుల్. చల్లదనం పోయాక కూడా చాలాసేపు లాగుతూనే ఉంటే ఇర్రివర్సిబుల్. కానీ ఆ నిర్ణయం డాక్టర్‌ది, మనది కాదు. నోట్స్‌లో 'నొప్పి' అని మాత్రమే ఉంటే అడిగి రాయించుకోండి. క్లెయిమ్ పాసవుతుందని మనమే ఊహించి వేయకండి. అది ఒక మనిషి ఆరోగ్య రికార్డు.

ఇక తేదీ. సెప్టెంబరు 29న చికిత్స, అక్టోబరు 3న క్లెయిమ్ పంపుతున్నాం. ఏ జాబితా చూడాలి? పాతదే. పేషెంట్ కుర్చీలో కూర్చున్న రోజునే లెక్కలోకి తీసుకోవాలి.

అన్ని ఇన్సూరెన్స్ ప్లాన్‌లూ ఈ డయాగ్నసిస్ కోడ్ అడగవు. కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) అడుగుతుంది. షుగర్ వల్ల చిగుళ్ల జబ్బు ఉందని డాక్టర్ రాస్తే మాత్రం ఇ11.630 లాంటి కోడ్ వదలకండి, టైప్ 2 అయితే.

ఇప్పుడే మీ సాఫ్ట్‌వేర్‌లో కె04.0 వెతకండి. ఇంకా యాక్టివ్‌గా కనిపిస్తే ఈ రాత్రే తీయించేయండి.