ఎక్స్‌రేలో తెల్లగా ఉంటే ఎముక గట్టిదైపోయినట్టేనా?

నమస్తే. ఆర్థోలో ఎం.ఎస్., డి.ఎన్.బి. పరీక్షలకి కూర్చోబోయేవాళ్ళకి ఈ వీడియో. వైవాలో ఫిల్మ్ లైట్‌బాక్స్ మీద పెట్టగానే వచ్చే జవాబు ఒకటుంది: "సార్, డెన్సిటీ పెరిగింది, కాబట్టి ఎముక గట్టిగా ఉంది." ఈ "కాబట్టి" వింటే ఒళ్ళు మండుతుంది. బోన్ డిసీజ్, హీలింగ్, ఇన్ఫెక్షన్ మూడు చాప్టర్లలోనూ ఆ ఒక్క మాట మార్కులు తినేస్తుంది. ఆపరేషన్ టేబుల్ మీద ఇంకా ఎక్కువే తింటుంది.

ఎముక కట్టే కణం ఆస్టియోబ్లాస్ట్, తవ్వే కణం ఆస్టియోక్లాస్ట్ ఎక్కడ పుడతాయో మీకొచ్చు, వదిలేద్దాం. ఇంటి స్లాబ్‌ని మాత్రం మనసులో పెట్టుకోండి, వీడియో అంతా దాని మీదే. కాంక్రీటు నొక్కితే ఆగుతుంది, లాగితే ఆగదు. లాగుడుకి ఆగేవి లోపలున్న ఇనుప ఊచలు. ఎముకలో ఆ ఊచలు టైప్ 1 కొల్లాజెన్, ఆర్గానిక్ మాట్రిక్స్‌లో 90 శాతం అదే. కాంక్రీటేమో హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేట్ ఖనిజం. ఎక్స్‌రేకి కాంక్రీటే కనబడుతుంది, ఊచలు కనబడవు. ఎముక డెన్సిటీ కొలిచే డెక్సా స్కాన్‌కీ అంతే. పూర్తయిన స్లాబ్‌ని కింద నిలబడి చూసి, లోపల ఎన్ని ఊచలు వేశారో చెప్పగలరా?

ఇక్కణ్ణుంచి మెటబాలిక్ డిసీజ్ సగం దానంతటదే వచ్చేస్తుంది. ఆస్టియోపొరోసిస్‌లో మిక్స్ సరైనదే, స్లాబే పలచన. అందుకే రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్) మూడూ నార్మల్. ఆస్టియోమలేషియాలో ఊచలు కట్టారు, కాంక్రీటు సరిగ్గా పోయలేదు. ఫాస్ఫరస్ తక్కువ, కాల్షియం తక్కువో నార్మలో, ఏఎల్‌పీ, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) ఎక్కువ, విటమిన్ డి తక్కువ. ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టాలో ఊచే నాసిరకం. డెక్సాలో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చిన డెన్సిటీ) మైనస్ 2.5, అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపొరోసిస్ అని రాసేసి జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించే ముందు ఏఎల్‌పీ, విటమిన్ డి చూడండి. ఆస్టియోమలేషియాలోనూ డెక్సా తక్కువే చూపిస్తుంది. ఆ మనిషికి జోలెడ్రోనిక్ లాంటి బిస్‌ఫాస్ఫొనేట్ (ఎముక తవ్వకాన్ని ఆపే మందు) ఇస్తే కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి.

ఇప్పుడు అసలు విషయం, ఫ్లోరోసిస్: నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు. పరీక్షల్లో ఫ్లోరోసిస్ అనగానే అందరూ నల్గొండ అంటారు. తప్పు కాదు గానీ, 1937లో షార్ట్ బృందం మన దేశంలో ఈ జబ్బును రాసింది పాత నెల్లూరు జిల్లా రోగుల్ని చూసి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే, 1970లో ప్రకాశం ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. మన ఊళ్ళ జబ్బుని మనమే పక్కవాళ్ళకి రాసిచ్చేస్తే ఎట్టా?

గట్టి రాతి నేలలో లోతు బోరు నీళ్ళు. ఆ నీళ్ళలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువైతే రాతిలోని ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన భారతీయ ప్రమాణం. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి అంతకన్నా ఎక్కువ తాగితే ఫ్లోరైడ్ హైడ్రాక్సిల్ స్థానంలో కూర్చుని ఫ్లోరోఅపటైట్ అవుతుంది. ఇది సులువుగా కరగదు, ఆస్టియోక్లాస్ట్‌కి తవ్వడం కష్టం. అదే సమయంలో ఆస్టియోబ్లాస్ట్‌ని రెచ్చగొడుతుంది. కొత్త ఎముక గబగబా వస్తుంది, కానీ పోగులు అడ్డదిడ్డంగా ఉన్న వోవెన్ బోన్, ఇంకా ఖనిజం పట్టని ఆస్టియాయిడ్ మందంగా పేరుకుని ఉంటుంది. ఊచలు కట్టకుండా స్లాబ్ మీద ఇంకో జానెడు కాంక్రీటు పోయించి, నీళ్ళు కూడా పట్టకుండా వదిలేసినట్టు. మందం పెరిగింది, బరువు పెరిగింది. ఊచలు మాత్రం పాతవే.

దీనికి రుజువు కూడా ఉంది. ఆస్టియోపొరోసిస్‌కి సోడియం ఫ్లోరైడ్ మందుగా ఇస్తే బాగుంటుందని ఒకప్పుడు ఆశపడ్డారు. 1990లో రిగ్స్ బృందం ఫలితాలు వచ్చాయి: మెనోపాజ్ దాటిన 202 మంది స్త్రీలు, సగం మందికి రోజుకి 75 మిల్లీగ్రాములు, నాలుగేళ్ళు. వెన్నులో డెన్సిటీ 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసల ఫ్రాక్చర్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకల్లో ఫ్రాక్చర్లు పెరిగాయి. డెన్సిటీ, బలం ఒకటేనా అని ఎగ్జామినర్ అడిగితే ఈ ఒక్కటి చెప్పండి, చాలు.

తెర మీద: పెల్విస్ ఎక్స్‌రే, పక్కనే ముంజేయి ఎక్స్‌రే.

అరవై దాటిన మగమనిషి, నడుం పట్టేసింది, పెల్విస్ అంతా సుద్దముక్కలా తెల్లగా ఉంది. మొదట ప్రొస్టేట్ సెకండరీస్ (ఎముకకి పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్) అనే అనుకోవాలి, దాని రక్తపరీక్ష పీఎస్ఏ పంపాల్సిందే. దాంతోపాటు ముంజేయి ఫిల్మ్ ఒకటి తీయించండి. రేడియస్, అల్నా మధ్య ఇంటరాసియస్ మెంబ్రేన్ గోడకి పాకిన తీగలా కాల్సిఫై అయి ఉంటే ఫ్లోరోసిస్ వైపు బలంగా మొగ్గాలి. ముంజేయి ఫిల్మ్ చౌక. బోన్ స్కాన్ రెండింట్లోనూ సూపర్‌స్కాన్ (ఎముకలన్నీ ఒకేలా వెలిగిపోవడం) చూపించగలదు, దాన్ని నమ్ముకుని తేల్చకండి. డెక్సా అయితే టి-స్కోరు ప్లస్‌లో చూపించి "మీ ఎముకలు భేష్" అంటుంది. ఆ రిపోర్ట్ చింపేయాలనిపిస్తుంది, నిజం.

ఈ రోగుల్లో పరిగెత్తించే సమస్య వెన్నుపాము మీద ఒత్తిడి. పోస్టీరియర్ లాంగిట్యూడినల్ లిగమెంట్, లిగమెంటమ్ ఫ్లేవమ్ ఎముకలా మారిపోయి కెనాల్ ఇరుకవుతుంది. మెడ తిరగదు, కాళ్ళు బిర్రబిగుస్తాయి. లామినెక్టమీ చేస్తుంటే ఫ్లేవమ్ వెన్నుపాము చుట్టూ ఉండే పొర డ్యూరాకి అతుక్కుని ఉంటుంది. పంచ్ లోపలికి దూర్చి లాగితే డ్యూరా చిరుగుతుంది. హైస్పీడ్ బర్‌తో కాగితంలా పలచన చేసి, అప్పుడు లేపండి. పిల్లల్లో అయితే తిండిలో కాల్షియం కూడా తక్కువైనప్పుడు ఎముక మెత్తబడి మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఒకే బోరు నీళ్ళు తాగి తాతకి తెల్లటి వెన్ను, మనవడికి వంకర కాళ్ళు!

పాత కాంక్రీటు పగలగొట్టే కూలీలు ఆస్టియోక్లాస్ట్‌లు. పుట్టుకతోనే వాళ్ళు పని చేయకపోతే ఆస్టియోపెట్రోసిస్. ఎముక రాయిలా ఉంటుంది, సుద్దలా విరుగుతుంది. డ్రిల్ బిట్లు విరుగుతాయి, నాలుగైదు కొత్తవి టేబుల్ మీద పెట్టుకోండి, సెలైన్ పోస్తూ ఆగి ఆగి డ్రిల్ చేయండి. బిస్‌ఫాస్ఫొనేట్ లాంటి మందులిచ్చి ఆ కూలీలకి ఏళ్ళ తరబడి సెలవిస్తే ఎటిపికల్ ఫీమర్ (తొడ ఎముక) ఫ్రాక్చర్. సబ్‌ట్రొకాంటర్‌లోనో షాఫ్ట్‌లోనో, లాగుడు పడే బయటి కార్టెక్స్‌లో (ఎముక గట్టి గోడలో) మొదలవుతుంది, అడ్డంగా, ముక్కలు పెద్దగా లేకుండా. ఆస్టియోమలేషియాలో కనబడే సన్నటి పగులు, లూజర్ జోన్, ఫీమర్ మెడలో లోపలివైపు. ఈ తేడా తప్పకుండా అడుగుతారు. మందు ఆపండి, నెయిల్ వేయండి, రెండో తొడ మొత్తం ఎక్స్‌రే తీయండి. తొడ నొప్పి అని నెలల ముందు నుంచీ చెప్తూనే ఉంటారు, వినేవాళ్ళుండరు.

హీలింగ్. ఇక్కడ కూడా తెలుపు మోసం చేస్తుంది. ఏనుగు పాదంలా బోలెడంత కాలస్ (విరిగిన చోట వచ్చే కొత్త ఎముక), మధ్యలో నల్ల గీత: హైపర్‌ట్రోఫిక్ నాన్‌యూనియన్, అంటే అతకని ఫ్రాక్చర్. కాంక్రీటు బండ్లు వస్తూనే ఉన్నాయి, సెంట్రింగే ఊగుతోంది. గ్రాఫ్ట్ (వేరే చోట నుంచి తెచ్చిన ఎముక) వేయకండి, సెంట్రింగ్ బిగించండి: రీమ్ చేసి 1, 2 మిల్లీమీటర్లు లావు నెయిల్, లేదా ప్లేట్. ఎట్రోఫిక్‌లో అసలు బండే రాలేదు, అక్కడ గ్రాఫ్ట్ కావాలి. రెండింటికీ ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి.

స్ట్రెయిన్ లెక్క: కదలికని గ్యాప్‌తో భాగించడం. 1 మిల్లీమీటరు గ్యాప్‌లో అర మిల్లీమీటరు కదిలితే 50 శాతం, ఎముక రాదు. అదే కదలిక 10 మిల్లీమీటర్ల ముక్కలచెక్కల ఫ్రాక్చర్‌లో 5 శాతం, కాలస్ హాయిగా వస్తుంది. 2 శాతం లోపు ప్రైమరీ హీలింగ్, 2 నుంచి 10 దాకా కాలస్. అందుకే సింపుల్ ట్రాన్స్‌వర్స్ ఫ్రాక్చర్‌ని కంప్రెస్ చేయకుండా వదులుగా బ్రిడ్జ్ ప్లేట్ వేస్తే చేజేతులా నాన్‌యూనియన్ తెచ్చుకున్నట్టే. అతికిందా అంటే తెల్లదనం కాదు, నాలుగు కార్టెక్స్‌లలో మూడు కలిశాయా చూడాలి.

టైమ్ దగ్గర పడింది, ఇన్ఫెక్షన్ పరుగున చెప్తా. క్రానిక్ ఆస్టియోమైలైటిస్ ఫిల్మ్‌లో అన్నిటికన్నా తెల్లగా ఉండే ముక్క ఏది? సీక్వెస్ట్రమ్. చచ్చిపోయింది గనకే తెల్లగా ఉంది. చుట్టూ బతికున్న ఎముక రక్తం పారి పలచనవుతుంది, దీనికి రక్తమే లేదు, తవ్వే కూలీలు చేరలేరు. పిన్ చుట్టూ కనబడే తెల్లటి రింగ్ సీక్వెస్ట్రమ్ కూడా అదే బాపతు. మొద్దుబారిన బిట్‌తో 47 డిగ్రీలు ఒక్క నిమిషం దాటించారంటే చాలు. ఎముక ముక్క చావనిచ్చి యాంటీబయాటిక్ మాత్రమే ఇవ్వడం అంటే పెచ్చులూడే స్లాబ్‌కి సున్నం కొట్టడమే. రక్తం చిమ్మే ఎముక దాకా చెక్కాలి.

అక్యూట్‌లో మొదటి పది పధ్నాలుగు రోజులు ఎక్స్‌రే నార్మల్‌గానే ఉండొచ్చు, 30 శాతం పైగా మినరల్ పోతే గానీ కనబడదు. ఎంఆర్ఐ చేయించండి. వైద్యం పని చేస్తోందా అంటే సీఆర్‌పీ చూడండి, వారంలో దిగుతుంది. ఈఎస్ఆర్‌కి మూడు నాలుగు వారాలు పడుతుంది. చెప్పుల్లోంచి మేకు దిగితే సూడోమొనాస్ బాక్టీరియాని మర్చిపోకండి. సికిల్ సెల్‌కి సాల్మొనెల్లా, నాలుగేళ్ళ లోపు పిల్లల్లో కింజెల్లా. కింజెల్లా మామూలు కల్చర్‌లో తేలిగ్గా పెరగదు, చీముని బ్లడ్ కల్చర్ బాటిల్‌లో ఎక్కించి పంపండి. ఇంప్లాంట్ మీద స్టాఫ్ బాక్టీరియా కట్టుకునే జిగురు పొర, బయోఫిల్మ్‌కి రిఫాంపిసిన్ మంచిదే, కానీ ఎప్పుడూ ఇంకో మందుతో జత చేసే ఇవ్వాలి, అదీ గాయం ఆరాక. ఒక్కటే ఇస్తే రోజుల్లోనే రెసిస్టెన్స్ వస్తుంది.