పూల్ టేబుల్ మీద చెయ్యి అందనప్పుడు ఏ రెస్ట్ తీసుకోవాలి?

(దృశ్యం: బెంగళూరు మారతహళ్లిలో ఒక పూల్ క్లబ్బు, ఆదివారం సాయంత్రం. తొమ్మిదడుగుల టేబుల్ నడుమ తెల్ల బంతి. ఒక కుర్రాడు మునివేళ్ల మీద లేచి, టేబుల్ అంచు మీద బోర్లా వాలి కొడతాడు. తెల్ల బంతి తగిలిన రంగు బంతి పాకెట్ మూతికి తగిలి బయటే ఆగిపోతుంది.)

చూశారు కదా, గురి బాగానే ఉంది. కానీ ఎడమ చెయ్యి అంత దూరం చాచేసరికి వేళ్లలో పట్టు పోయింది. ఒళ్లంతా వాలడంతో కుడి మోచెయ్యి ఆడటానికి చోటు లేకుండా పోయింది. కొట్టే క్షణంలో క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, పక్కకు జరిగింది. చెయ్యి అందనప్పుడు క్యూను ఆనించుకునే తల ఉన్న పొడుగు కర్రే రెస్ట్. అది టేబుల్ కింద కొక్కేనికి వేలాడుతూనే ఉంది, తీసుకోలేదు.

మన తెలుగు కుర్రాళ్లు ఆఫీసు అయ్యాక ఇక్కడ చాలామంది ఆడతారు. రెస్ట్ తీయడం అంటే వాళ్లకు నామోషీ. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే చేతికి అందే గెలుపును అలా వదులుకుంటున్నారు. తొమ్మిదడుగుల టేబుల్లో ఆడే చోటు 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. నడిమధ్య ఉన్న బంతి దగ్గరి కుషన్‌కు (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు గోడకు) కూడా 25 అంగుళాల దూరంలో ఉంటుంది, చెక్క అంచు దానికి అదనం. పైగా కొట్టేటప్పుడు కనీసం ఒక పాదం నేలను తాకి ఉండాలన్నది నియమం.

(దృశ్యం: టేబుల్ మీద వరసగా నాలుగు రెస్ట్ తలలు: అడ్డంగా ఇంటూ గుర్తులా ఉన్న ఇత్తడి క్రాస్, గాళ్లున్న ప్లాస్టిక్ తల, పొడుగు కాళ్ల స్పైడర్, మెడ ముందుకు సాగిన స్వాన్ నెక్.)

పూల్ ఆడేవాళ్లు రెస్ట్‌ను బ్రిడ్జ్ అంటారు. మన క్లబ్బుల్లో ఎక్కువగా వినిపించేది రెస్ట్ అనే మాటే, అది స్నూకర్ నుంచి వచ్చింది. బెంగళూరుకు బిలియర్డ్స్, స్నూకర్ అంటే పాత ప్రేమ. పంకజ్ అద్వానీ ఇక్కడి కర్ణాటక స్టేట్ బిలియర్డ్స్ అసోసియేషన్‌లోనే అరవింద్ సవూర్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. అందుకే పూల్ టేబుల్ కింద కూడా స్నూకర్ రెస్ట్ కనిపించొచ్చు. అది పనికొస్తుందా లేదా అన్నది కాసేపట్లో చూద్దాం.

ముందు ఒక్కటే చూడండి. తెల్ల బంతికి వెనక, మీ క్యూ వచ్చే దారిలో ఏముంది?

ఏమీ లేకపోతే అన్నిటికన్నా పొట్టి తల తీసుకోండి. స్పైడర్ తీయకండి. కొందరు అది పెద్దగా ఉంది, గట్టిగా నిలబడుతుంది అని ప్రతి షాట్‌కూ అదే పెడతారు. దానివల్ల ఎంత నష్టమో దగ్గరగా చూపిస్తాను.

(దృశ్యం: కెమెరా టేబుల్ మీద పరిచిన గుడ్డ ఎత్తుకు దిగుతుంది. పక్కనుంచి తెల్ల బంతి, క్యూ, ఒక స్కేలు.)

పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. అంటే దాని నడుము గుడ్డ మీద నుంచి దాదాపు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెస్ట్ తల బంతికి 20 సెంటీమీటర్లు వెనక పెట్టాననుకోండి. తల దగ్గర క్యూ 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, అది బంతి నడుము మీదకు సుమారు ఆరు డిగ్రీల వాలుతో దిగుతుంది. అదే 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే వాలు ఇరవై డిగ్రీలకు దగ్గరవుతుంది. ఇరవై డిగ్రీలంటే క్యూ బంతిని ముందుకు నెట్టడమే కాదు, కిందికి కూడా నొక్కుతోందన్నమాట. గట్టిగా కొడితే బంతి గుడ్డ మీద నుంచి కొంచెం ఎగురుతుంది. టిప్, అంటే క్యూ కొన, ఏమాత్రం పక్కకు తగిలినా సైడ్ పడి (బంతి పక్కకు గిర్రున తిరిగి), బంతి దారిలో వంపు తిరుగుతుంది. మీరు గురి పెట్టింది తిన్నటి గీత మీద, బంతి మాత్రం ఆ గీత మీద పోదు.

అడ్డం దాటేంత ఎత్తు చాలు. అడ్డమే లేకపోతే ఆ ఎత్తు అవసరమే లేదు.

ప్లాస్టిక్ తలలో ఈ సౌకర్యం బాగుంటుంది. వెల్లకిలా పడుకోబెడితే తక్కువ ఎత్తు గాళ్లు, పక్కకు తిప్పి నిలబెడితే ఎక్కువ ఎత్తు గాళ్లు. క్రాస్‌ను కూడా తిప్పి చూడండి, ఒక వైపు కొంచెం ఎత్తు, ఇంకో వైపు కొంచెం తక్కువ.

(దృశ్యం: తెల్ల బంతికి వెనకే ఆనుకున్నట్టు ఒక చారల బంతి.)

వెనక బంతి ఉంటే అప్పుడు స్పైడర్. క్యూ ఆ బంతి నెత్తి మీదుగా, దాన్ని తాకకుండా వెళ్లాలి. రెండు మూడు బంతులు గుంపుగా ఉండి కాళ్లు పెట్టే చోటే లేకపోతే స్వాన్ నెక్: కాళ్లు దూరంగా ఉంటాయి, మెడ మాత్రం బంతుల మీదుగా ముందుకొస్తుంది. అంతర్జాతీయ పూల్ నియమాల్లో ఒకేసారి రెండు బ్రిడ్జ్‌లు వాడొచ్చు, ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తు పెంచుకోవచ్చు. ఇలాంటి షాట్లలో నా సలహా ఒక్కటే: మెల్లగా, బంతి నడుమ మీద కొట్టండి. స్క్రూ చేసి బంతిని వెనక్కి రప్పించాలనుకోవద్దు.

ఇక కొనే విషయం. పూల్ క్యూ టిప్ సాధారణంగా 12 నుంచి 13 మిల్లీమీటర్లు, స్నూకర్‌ది 9 నుంచి 10. స్నూకర్ కోసం చేసిన సన్నటి గాడిలో పూల్ షాఫ్ట్ (క్యూ ముందు భాగం) లోపలికి దిగదు, అంచుల మీదే కూర్చుని ఊగుతుంది. అందుకని కొనేముందు మీ సొంత క్యూ గాడిలో పెట్టి, కొట్టినట్టే పదిసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి. ఇత్తడి తల బరువుగా నిలుస్తుంది, కానీ అంచు గరుకుగా ఉంటే షాఫ్ట్ మీద గీతలు పడతాయి. వేలితో తడిమి చూడండి. గుడ్డను తాకే అడుగు భాగం కూడా తడమండి. చివరగా కర్రను పట్టుకుని తలను ఊపండి. లొడలొడమంటే వద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. క్యూ కొనకు తొడిగే చిన్న రబ్బరు తలలు కూడా దొరుకుతాయి. జేబులో పడతాయి, కానీ వాటికి పక్కన ఖాళీ క్యూ ఒకటి ఉండాలి.

(ఎడమ చేత్తో కొట్టడం వచ్చినవాళ్లకు కొన్ని షాట్లలో రెస్టే అక్కర్లేదు. 1996 ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్‌లో రోనీ ఓసలివన్ ఎడమ చేత్తో ఆడితే, ప్రత్యర్థి అలైన్ రోబిడూ దాన్ని అవమానంగా తీసుకున్నాడు. అది అవమానం కాదు, నేర్చుకోదగ్గ విద్య అని నా అభిప్రాయం.)

(దృశ్యం: చేతులు దగ్గరగా.)

పట్టుకోవడం నాకు నేర్పింది మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ మార్కర్‌గా (క్లబ్బులో స్కోరు చూసేవాడిగా) పనిచేసిన ఒక అన్న. "తమ్ముడూ, ముందు కర్రను పడుకోబెట్టు, తర్వాత గురి చూడు" అనేవాడు. రెస్ట్ కర్రను గాల్లో పట్టుకోకూడదు. గుడ్డ మీద పెట్టి, ఎడమ అరచేత్తో నొక్కి ఉంచాలి. కుడి చేత్తో క్యూ బట్ (లావుగా ఉండే వెనక భాగం) చివర, బొటనవేలు కింద, మిగతా వేళ్లు పైన. మోచెయ్యి కిందికి కాదు, పక్కకు, క్యూకు సమానమైన ఎత్తులో. గడ్డం క్యూ వెనకకు దించి, చిన్న ఊపు.

కొట్టాక కూడా పని ఉంది. ఒకసారి నేను ఎనిమిదో బంతిని అందంగా వేసి, రెస్ట్ అక్కడే వదిలి చూస్తూ నిలబడ్డాను. తెల్ల బంతి కుషన్‌కు తగిలి తిరిగొచ్చి రెస్ట్ తలను ముద్దాడింది. ఫౌల్. ఎయిట్ బాల్ ఆటలో ఎనిమిదో బంతి పడిన షాట్‌లో ఫౌల్ అంటే ఆటే పోయినట్టు. కాబట్టి తల పెట్టేముందే తెల్ల బంతి తిరిగొచ్చే దారి చూసుకోండి, ఆ దారికి పక్కగా పెట్టండి. టిప్ తగిలిన వెంటనే క్యూనూ కర్రనూ కలిపి, నేరుగా పైకి ఎత్తండి. పక్కకు లాగితే తల ఏదో ఒక బంతిని తాకుతుంది.

(దృశ్యం: మొదటి కుర్రాడు మళ్లీ అదే షాట్. ఈసారి పొట్టి తల, అరచెయ్యి గుడ్డ మీద. రంగు బంతి పాకెట్‌లో పడుతుంది. రెండు కర్రలూ పైకి లేస్తాయి. కింద నుంచి తెల్ల బంతి దొర్లుకుంటూ వెళ్లిపోతుంది.)