మ్యాపింగ్ పట్టికను ఎవరు మార్చారు?

మిత్రులారా, ఈసీఈ విద్యార్థులకు గిట్ గురించి, అంటే ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రను దాచే సాధనం గురించి చెప్పమంటే చాలామంది కమాండ్లతో మొదలుపెడతారు. నేను నాలుగు చుక్కలతో మొదలుపెడతాను. మీకు తెలిసిన క్యూపీఎస్‌కే చుక్కలే, అంటే బిట్లను నాలుగు రకాల సిగ్నళ్లుగా పంపే పద్ధతిలో ఒక్కో సిగ్నల్‌కు ఒక్కో చుక్క.

రెండేసి బిట్లను జత చేసి, ఒక్కో జతకు వలయం మీద ఒక్కో చుక్కను కేటాయిస్తాం. ఏ జతకు ఏ చుక్కో చెప్పేదే మ్యాపింగ్ పట్టిక. వరసగా 00, 01, 10, 11 అని రాస్తే చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ నాయిస్ వల్ల రిసీవర్ పొరబడితే ఎక్కువగా పక్క చుక్కనే ఎంచుకుంటుంది. ఈ వరసలో 01 పక్కన 10 ఉంది కాబట్టి ఒక్క పొరపాటుకు రెండు బిట్లూ తప్పుతాయి. 11, 00 మధ్యా ఇదే గొడవ. అందుకే 00, 01, 11, 10 అని గ్రే కోడ్‌లో రాస్తాం. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే దీనికి 1947లో దరఖాస్తు చేస్తే 1953లో పేటెంట్ వచ్చింది. ఇందులో ఏ పక్కకు జరిగినా మారేది ఒకే బిట్.

ప్రాజెక్టులో ఎవరో ఈ పట్టికను మళ్లీ మామూలు వరసకు మార్చేశారనుకోండి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ అదే పట్టిక చూస్తుంటే ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ మెసేజ్ రాదు. బిట్ ఎర్రర్ రేట్ (పంపిన బిట్లలో తప్పొచ్చిన వాటి వంతు) మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. లాగ్ స్కేల్ గ్రాఫ్‌లో అది కంటికి ఆనదు. ఒకవైపే మారి ఉంటే నయం! నాయిస్ లేకపోయినా పావు వంతు బిట్లు తప్పొస్తాయి, వెంటనే దొరికిపోతుంది.

ఇక్కడే గిట్ అక్కరకొస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ కోసం మొదలుపెట్టిన సాధనం ఇది. ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ లాస్ట్’ అని ఫైళ్లు పోగేసే విద్య మనందరికీ వచ్చు. గిట్‌లో మార్పులను నమోదు చేయడాన్ని కమిట్ అంటారు. ప్రతి కమిట్‌తోనూ ప్రాజెక్టు అప్పుడెలా ఉందో, ఎవరు ఎప్పుడు మార్చారో నిలిచిపోతుంది. ఎందుకు మార్చారన్నది మీరు రాస్తేనే ఉంటుంది. ‘అప్‌డేట్’ అని రాసి వదిలేయకండి.

పట్టికను విడిగా టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి, లైనుకు ఒక చుక్క. 10, 11 తారుమారైతే పాతదానికీ కొత్తదానికీ తేడా చూపించే డిఫ్‌లో ఆ లైన్లే బయటపడతాయి. బైనరీ ఫైల్‌లో పెడితే మారిందని చెబుతుందే కానీ ఏం మారిందో చూపించదు.

తప్పు ఎప్పుడు దూరిందో వెతకడానికి గిట్‌లోనే బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. బాగున్న పాత కమిట్, చెడిన కొత్త కమిట్ చూపిస్తే మధ్యది తీసి ఇస్తుంది. పరీక్షించి బాగుందో లేదో చెబితే మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తుంది. వంద కమిట్లున్నా ఏడు పరీక్షలకు తేలిపోతుంది. పరీక్షకు గ్రాఫ్ గీయక్కర్లేదు, పక్కపక్క చుక్కల మధ్య ఎన్ని బిట్ల తేడా ఉందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం చాలు. నాలుగు వరసల్లో నాలుగేసి చొప్పున పదహారు చుక్కలుండే 16-క్వామ్‌లో అలాంటి పక్క జతలు 24 ఉంటాయి. ల్యాబ్‌లో ముందు వాటికే ఆ ప్రోగ్రాం రాద్దాం.